లూసిటానియాకీ యుద్ధానికీ మధ్య 23 నెలలు

గ్రూప్స్ గైడ్లలో ఒక వాక్యం ఉంటుంది, మీలో చాలామంది బట్టీ పట్టే ఉంటారు. జర్మనీ లూసిటానియా నౌకను ముంచేసింది, దాంతో అమెరికా తటస్థ విధానం వదిలేసి మొదటి ప్రపంచ యుద్ధంలో చేరింది, అని. బిట్టు పేపర్లో వస్తే టిక్కు పెట్టి మార్కు తెచ్చుకోవచ్చు, ఇబ్బందేం లేదు. కానీ ఆ తేదీలు పక్కపక్కన పెట్టి ఒకసారి చూడండి. నౌక మునిగింది 1915 మే 7న. అమెరికా యుద్ధం ప్రకటించింది 1917 ఏప్రిల్ 6న. మధ్యలో 23 నెలలు! "కోపమొచ్చినోడు రెండేళ్ళు ఆగి కొడతాడా మామా?" అని మా మేనల్లుడు అడిగాడు.

వాడు కర్నూల్లో రూమ్ తీసుకుని గ్రూప్ వన్‌కి చదువుతున్నాడు. ఆదివారం ఫోన్ చేస్తే ఇంటి సంగతులు రెండు నిమిషాలు, చరిత్ర సంగతులు అరగంట. నేను హిస్టరీ మాస్టారినేం కాదు, ఆదోనిలో ఒక పత్తి కమీషన్ మండీలో లెక్కలు రాస్తాను. పగలు చిట్టా, ఆవర్జా; రాత్రి పుస్తకాలు. అందుకే కాబోలు వాడడిగిన ప్రశ్నకి నాకు జవాబు ఓడల కంటే ముందు ఖాతాల్లో కనిపించింది. ఫోన్లో చెప్తే వాడు సగం విని సగం వదిలేస్తాడు, అందుకని ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక మాట. రాయలసీమ వాడు తటస్థం గురించి రాస్తున్నాడంటే ఫ్యాక్షన్ ఊళ్ళో ఎటూ చేరని పెద్దమనిషి కథ ఒకటి వస్తుందని ఎదురు చూస్తుంటారు. రాదు. ఆ కథలు సినిమా వాళ్ళు చాలినన్ని చెప్పారు.

1914 ఆగస్టులో యూరప్‌లో యుద్ధం మొదలైనప్పుడు అమెరికా దూరంగా ఉండటంలో వింతేం లేదు. మధ్యలో అంత పెద్ద సముద్రం. పైగా ఆ దేశ జనాభా సుమారు 9.2 కోట్లయితే (1910 లెక్క) ప్రతి ముగ్గురిలో ఒకరు బయటి దేశంలో పుట్టినవాళ్ళో, వాళ్ళ పిల్లలో. జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు లక్షలకు లక్షలు, ఇంగ్లండ్ పేరు చెప్తేనే మండిపడే ఐరిష్ వాళ్ళు లక్షలకు లక్షలు, రష్యా జార్ చక్రవర్తి పీడన తట్టుకోలేక పారిపోయి వచ్చిన యూదులు. ఏ పక్షం చేరినా ఇంట్లోనే గొడవ. అధ్యక్షుడు వుడ్రో విల్సన్ ఆగస్టు 4న తటస్థత ప్రకటించాడు, మరో రెండు వారాలకు, చేతల్లోనే కాదు ఆలోచనలో కూడా నిష్పక్షంగా ఉండాలని జనానికి చెప్పాడు. చేతలు సరే, ఆలోచనని ఎవడు అదుపు చేస్తాడు? ఆయన మంత్రివర్గంలోనే అది కుదరలేదు.

అదే సమయంలో మన పరిస్థితి కూడా ఒకసారి చూడాలి. మన కర్నూలు, అనంతపురం, కడప, అన్నీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో దత్తమండలాలు. మనల్ని తటస్థంగా ఉంటారా, చేరతారా అని అడిగిన నాథుడు లేడు. లండన్‌లో రాజు యుద్ధం అంటే ఇక్కడ మనమూ యుద్ధంలో ఉన్నట్టే. 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు తీరానికి వచ్చి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద గుండ్లు కురిపించి పోయింది, ఆ భయానికి పట్నం వదిలి పోయినవాళ్ళు పోయారు. యుద్ధం ముగిసేసరికి మన దేశం నుంచి పది లక్షలకు పైగా మంది సముద్రాలు దాటి వెళ్ళారు, 74 వేల మంది దాకా తిరిగి రాలేదు. అమెరికా వాడు రెండున్నరేళ్ళకు పైగా చేరాలా వద్దా అని సెనేట్‌లో వాదించుకుంటున్న రోజుల్లో మనవాళ్ళు ఫ్రాన్స్ కందకాల్లో చలికి వణుకుతూ, మెసొపొటేమియా ఎండలో మాడుతూ ఉన్నారు. అసలు చేరాలా వద్దా అని వాదించుకునే హక్కు ఉండటమే ఎంత పెద్ద సంగతో నాకు ఈ పోలికలోనే అర్థమైంది.

ఇక ఖాతాల సంగతికి వస్తాను.

తటస్థ దేశం రెండు పక్షాలకూ సరుకు అమ్ముకోవచ్చు, అప్పటి అంతర్జాతీయ చట్టం ఒప్పుకుంటుంది. అమెరికా చేసింది కూడా అదే, కాగితం మీద. వాస్తవంలో బ్రిటిష్ నౌకాదళం ఉత్తర సముద్రాన్ని దిగ్బంధం చేసి కూర్చుంది. జర్మనీకి సరుకు వెళ్ళే దారి మూసుకుపోయింది, బ్రిటన్‌కీ ఫ్రాన్స్‌కీ వెళ్ళే దారి తెరిచే ఉంది. ఫలితం ఏమిటంటే, 1914లో బ్రిటన్, ఫ్రాన్స్‌లకు అమెరికా ఎగుమతులు దాదాపు 75 కోట్ల డాలర్లయితే 1916కి 275 కోట్లయ్యాయి. జర్మనీకి వెళ్ళేవి 34 కోట్ల చిల్లర నుంచి దాదాపు ఏమీ లేని స్థితికి పడిపోయాయి. దుకాణం తలుపు ఇద్దరికీ తెరిచానంటాడు కానీ ఒకడు మాత్రమే లోపలికి రాగలడు. విల్సన్ బ్రిటన్‌కీ నిరసన లేఖలు పంపాడు, పంపలేదని కాదు. అయితే గొంతులో తేడా ఉంది. బ్రిటన్ సరుకు ఆపి జప్తు చేస్తుంది, జర్మనీ జలాంతర్గామి మనుషుల్ని చంపుతుంది, రెండూ ఒకటి కాదు అన్నాడు. అది నిజమే, కాదనలేం. కానీ ఆ దిగ్బంధంతో జర్మనీలో కూడా తిండికి కటకట వచ్చింది, 1916-17 చలికాలం అక్కడి జనం బంగాళాదుంపలు దొరక్క పశువుల మేతకి వాడే టర్నిప్ దుంపలు తిని గడిపారు. ఆ చావులు నెమ్మది చావులు, పత్రికలో ఫొటో పడేవి కావు.

పత్తి వాడిని కాబట్టి పత్తి సంగతి చెప్పకుండా ఉండలేను. యుద్ధం మొదలవబోతుందనగానే న్యూయార్క్ పత్తి ఎక్స్చేంజి మూతపడింది, నవంబర్ దాకా తెరవలేదు. అమెరికా దక్షిణాది రైతు పంట చేతికొచ్చే సమయంలో కొనేవాడు లేక కూలబడ్డాడు. ఆ రాష్ట్రాలన్నీ విల్సన్ పార్టీ కంచుకోటలు. మరోపక్క పత్తి అంటే బట్ట మాత్రమే కాదు, తుపాకి మందుకి కూడా ముడిసరుకు. జర్మనీకి పత్తి పోతే తూటాలు పోయినట్టే అని బ్రిటన్‌కి తెలుసు, నిషేధిస్తే అమెరికా రైతు భగ్గుమంటాడనీ తెలుసు. అందుకని ఏడాది దాకా తటపటాయించి 1915 ఆగస్టులో నిషేధ సరుకుల జాబితాలో చేర్చారు, అదే చేత్తో ధర పడిపోకుండా మేమే కొంటామని లోపల్లోపల ఒప్పందం చేసుకున్నారు. యార్డులో ముప్పై ఏళ్ళు తిన్న దలారీకి కూడా ఇంత నాజూకుగా బేరం చేయడం రాదు. దక్షిణాది రైతు నోరు మూసుకున్నాడు, జర్మనీకి పత్తి ఆగిపోయింది.

ఈ కొనుగోళ్ళన్నీ చూసుకోడానికి బ్రిటన్ 1915 జనవరిలో న్యూయార్క్‌లోని జె.పి. మోర్గన్ బ్యాంకుని ఏజెంటుగా పెట్టుకుంది. గుండ్లు, గోధుమలు, గుర్రాలు, ఉక్కు, ఏది కావాలన్నా మోర్గన్ ద్వారానే. కమీషన్ సుమారు ఒక శాతం. మొత్తం 300 కోట్ల డాలర్ల సరుకు వాళ్ళ చేతుల మీదుగా వెళ్ళింది, అంటే 3 కోట్ల డాలర్ల కమీషన్. అచ్చం కమీషన్ మండీనే, కాకపోతే ప్రపంచంలోకెల్లా పెద్దది.

కొనేవాడి దగ్గర డబ్బు అయిపోతే ఏం చేస్తాడు? అప్పడుగుతాడు. ఇక్కడే అసలు మలుపు.

విల్సన్ విదేశాంగ మంత్రి విలియం జెన్నింగ్స్ బ్రయన్ యుద్ధం మొదలైన నెలలోనే ఒక మాట అన్నాడు. నిషిద్ధ సరుకులన్నింటిలోకీ డబ్బే చెడ్డది, ఎందుకంటే మిగతా సరుకులన్నింటినీ అదే తెచ్చిపెడుతుంది, అని. యుద్ధం చేస్తున్న ఏ దేశానికీ అమెరికా బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని ఆపించాడు. బ్రయన్‌ని వెర్రిబాగులవాడని ఎగతాళి చేసినవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకు మాత్రం ఆ గదిలో లెక్క అర్థమైన మనిషి ఆయనొక్కడే అనిపిస్తుంది. 1914 అక్టోబర్ కల్లా అప్పు వద్దు గానీ సరుకు మీద అరువు ఫర్వాలేదన్నారు. తర్వాతి ఏడాది అక్టోబర్‌కి అదీ పోయింది, మోర్గన్ ఆధ్వర్యంలో బ్రిటన్, ఫ్రాన్స్‌లకు 50 కోట్ల డాలర్ల అప్పు ఒక్క దెబ్బకి వెళ్ళింది. అప్పటికి బ్రయన్ రాజీనామా చేసి వెళ్ళిపోయాడు, దాని సంగతి కిందికొస్తుంది. అమెరికా యుద్ధంలో దిగే నాటికి ఒక పక్షానికి ఇచ్చిన అప్పు 230 కోట్ల డాలర్లు. రెండో పక్షానికి, అంటే జర్మనీకి, 2.7 కోట్లు.

మా మండీలో ఇది రోజూ చూసే వ్యవహారమే. విత్తనాలకీ మందులకీ సేటు రైతుకి ముందే డబ్బిస్తాడు, పంట వచ్చాక ఈ మండీకే తేవాలన్న మాట మీద. అప్పిచ్చిన రోజు సేటు మొహంలో రైతు మీద ప్రేమేం ఉండదు. కానీ జులైలో వాన పడకపోతే చూడాలి. ఆ రైతు కంటే సేటే ఎక్కువ సార్లు ఆకాశం కేసి చూస్తాడు, పొద్దున్నే ఫోన్ చేసి "ఏమప్పా, మీ పక్క మబ్బు పట్టిందా?" అని అడుగుతాడు. పక్క ఊరి రైతు చేను ఎండిపోయినా పట్టదు, వాడికి అప్పివ్వలేదు కదా. అమెరికా బ్రిటన్‌ని అలా చూడటం మొదలుపెట్టింది 1915 అక్టోబర్ నుంచి అని నా అంచనా.

సరే, లూసిటానియా. మునిగిన తీరు వింటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. న్యూయార్క్ నుంచి లివర్‌పూల్ వెళ్తున్న పెద్ద ప్రయాణికుల నౌక. బయల్దేరే రోజే అమెరికా పత్రికల్లో జర్మన్ రాయబార కార్యాలయం ప్రకటన వేసింది, బ్రిటిష్ నౌకలెక్కితే మీ ప్రాణాలకి మీరే బాధ్యులు అని. కొన్ని పత్రికల్లో అది నౌకా కంపెనీ టికెట్ల ప్రకటన పక్కనే పడింది. చాలామంది నవ్వేసి ఎక్కారు. ఐర్లండ్ దక్షిణ తీరం దగ్గర యూ-20 అనే జలాంతర్గామి ఒక్క టార్పెడో వదిలింది, 18 నిమిషాల్లో ఓడ అడుక్కి చేరింది. దాదాపు 1,200 మంది చనిపోయారు, అందులో అమెరికన్లు 128 మంది. ఓడలో తుపాకి తూటాలు కూడా ఉన్నాయి, 40 లక్షలకు పైనే. అది జర్మనీ అప్పుడే చెప్పింది, అబద్ధం కాదు. పసిపిల్లలున్న ఓడని హెచ్చరిక లేకుండా ముంచడానికి అది సమాధానమూ కాదు.

అంత ఘోరం జరిగిన మూడో రోజు విల్సన్ ఫిలడెల్ఫియాలో మాట్లాడుతూ, పోట్లాటకి దిగనంత ఆత్మగౌరవం కూడా మనిషికి ఉండొచ్చు అన్నాడు. అంటే యుద్ధం మాట ఆయన మనసులోనే లేదు. జర్మనీకి మాత్రం గట్టి నోట్లు రాశాడు. రెండో నోటు మీద సంతకం పెట్టనని బ్రయన్ జూన్‌లో రాజీనామా ఇచ్చాడు. ఆయన వాదన ఇది: జర్మనీని నిలదీస్తే దిగ్బంధం చేసిన బ్రిటన్‌ని కూడా నిలదీయాలి, లేదా మన జనాన్ని ఆ ఓడలెక్కొద్దని ఆపాలి. తూటాలు మోసే ఓడకి ప్రయాణికుల్ని కాపలా పెట్టడం ఏంటి, సైన్యం ముందు ఆడవాళ్ళనీ పిల్లల్నీ నిలబెట్టినట్టుంది అన్నాడు. ఆయన స్థానంలో వచ్చిన లాన్సింగ్ లోలోపల బ్రిటన్ మనిషి.

అయినా లూసిటానియా యుద్ధం తేలేదు. జర్మనీ తగ్గింది. 1916 మార్చిలో ససెక్స్ అనే ఓడ దెబ్బతిన్నాక విల్సన్ ఇక సంబంధాలు తెంచుకుంటానన్నాడు, మేలో జర్మనీ మాటిచ్చింది, హెచ్చరించకుండా ప్రయాణికుల, వ్యాపార ఓడల్ని ముంచం అని. దాదాపు తొమ్మిది నెలలు ఆ మాట మీద నడిచింది. ఆ ఏడాదే ఎన్నికలు. "మనల్ని యుద్ధానికి దూరంగా ఉంచాడు" అన్నది విల్సన్ పార్టీ నినాదం. గెలిచాడు గానీ చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు, కాలిఫోర్నియాలో నాలుగు వేల లోపు ఓట్ల తేడా అటూ ఇటూ అయ్యుంటే అధ్యక్షుడు మారిపోయేవాడు. జనం నాడి ఎటుందో ఆ నినాదమే చెప్తుంది.

ఇక్కడి నుంచి కథ గైడ్లలో రాదు. నాకు అన్నింటికంటే ఆసక్తి ఇక్కడే.

అంతా బ్యాంకర్లే చేశారు, అప్పులు రాబట్టుకోడానికి దేశాన్ని యుద్ధంలోకి నెట్టారు అని ఒక వాదన ఉంది కదా, 1930లలో అమెరికాలోనే చాలామంది నమ్మారు. నేనిప్పటిదాకా చెప్పింది విని మీరూ అదే అంటారు. మా వాడు వెంటనే అనేశాడు. కానీ 1916 చివర్లో ఏం జరిగిందో చూడండి. బ్రిటన్ మీద విల్సన్‌కి విసుగొచ్చింది. ఐర్లండ్ తిరుగుబాటు నాయకుల్ని కాల్చి చంపారు, అమెరికన్ కంపెనీల్ని కొన్నింటిని బ్లాక్‌లిస్టులో పెట్టారు. నవంబర్ నెలాఖరులో అమెరికా ఫెడరల్ రిజర్వ్ బోర్డు బ్యాంకుల్ని బాహాటంగా హెచ్చరించింది, తాకట్టు లేకుండా విదేశీ ప్రభుత్వాల బిల్లులు కొనకండి అని. ఆ హెచ్చరికలో మాటలు ఇంకా గట్టిగా ఉండాలని చెప్పింది విల్సనే! ఆ దెబ్బకి లండన్ గుండె ఆగినంత పనైంది. లండన్ ట్రెజరీలో పనిచేస్తున్న కీన్స్, ఆర్థికశాస్త్రంలో మనం చదువుకునే ఆ కీన్సే, అప్పటికే లెక్కవేసి రాశాడు, వచ్చే జూన్ కల్లా అమెరికా అధ్యక్షుడు తలచుకుంటే మనకి షరతులు పెట్టే స్థితిలో ఉంటాడు అని. తాకట్టు పెట్టడానికి బ్రిటన్ దగ్గర బంగారం, షేర్లు అడుగంటుతున్నాయి.

అంటే జర్మనీ ఇంకో ఆరు నెలలు చేతులు ముడుచుకు కూర్చున్నా చాలు, బ్రిటన్ డబ్బు లేక బేరానికి వచ్చేదేమో. మండీ భాషలో చెప్పాలంటే సేటు ఇక అప్పివ్వనని పుస్తకం మూసేశాడు. సరిగ్గా అప్పుడే జర్మనీ ఏం చేసింది?

1917 జనవరి 9న ప్లెస్ కోటలో జర్మన్ చక్రవర్తి కైజర్ ముందు సమావేశం. అడ్మిరల్ హోల్ట్‌జెండార్ఫ్ లెక్కలేసుకుని వచ్చాడు. నెలకి 6 లక్షల టన్నుల ఓడల్ని ముంచితే ఐదు నెలల్లో బ్రిటన్ తిండి లేక లొంగిపోతుంది. అమెరికా యుద్ధంలోకి వస్తుంది కదా అంటే, రానీ, వాళ్ళ సైన్యం తయారై సముద్రం దాటేలోపు అయిపోతుంది, ఒక్క అమెరికన్ కూడా యూరప్ నేల మీద కాలు పెట్టడు, నాదీ హామీ అన్నాడు. ఛాన్సలర్ బెత్‌మన్ హాల్వెగ్‌కి ఇష్టం లేదు, కానీ సైన్యం పట్టుబట్టింది, ఆయన తలవంచాడు. బ్రిటన్ ఖజానా ఏ స్థితిలో ఉందో వాళ్ళకి సరిగ్గా తెలియదు. ఓడల టన్నుల లెక్క వేశారు గానీ డాలర్ల లెక్క వేయలేదు. ఆ ఒక్క సమావేశం గురించి ఎన్నిసార్లు చదివినా నాకు తల కొట్టుకోవాలనిపిస్తుంది. (అన్నట్టు, 1918 నవంబర్ నాటికి యూరప్‌లో దిగిన అమెరికన్ సైనికులు 20 లక్షలు. అడ్మిరల్ గారి హామీ అలా తేలింది.)

అందుకే మా వాడికి నేను చెప్పింది ఇదీ: అమెరికా ఎవరి పక్షం అన్నది డబ్బు తేల్చింది, ఎప్పుడు అన్నది జలాంతర్గాములు తేల్చాయి. రెంటిలో ఏ ఒక్కటి లేకపోయినా 1917 ఏప్రిల్ అలా ఉండేది కాదు.

ప్లెస్‌లో జరిగింది తెలియని విల్సన్ పాపం జనవరి 22న సెనేట్‌కి వెళ్ళి గెలుపోటములు లేని శాంతి కావాలని ప్రసంగించాడు. జనవరి 31న జర్మన్ రాయబారి వచ్చి రేపటి నుంచి ఏ ఓడ కనబడితే ఆ ఓడ ముంచుతాం అని కాగితం ఇచ్చాడు. ఫిబ్రవరి 3న సంబంధాలు తెగాయి. ఇంకా యుద్ధం లేదు, అది గమనించండి.

తర్వాత టెలిగ్రామ్ వ్యవహారం. ఇది రాయకపోతే మావాడు ఊరుకోడు. యుద్ధం మొదలైన మర్నాడే బ్రిటన్ జర్మనీ సముద్రపు కేబుళ్ళు కోసేసింది. శాంతి రాయబారాలకి పనికొస్తుందని విల్సన్ పెద్దమనసు చేసుకుని అమెరికా దౌత్య కేబుల్ వాడుకోమని జర్మనీకి ఇచ్చాడు. జర్మన్ విదేశాంగ మంత్రి జిమ్మర్‌మన్ జనవరి 16న ఆ తీగ మీదే మెక్సికోకి సందేశం పంపాడు, అమెరికా మా మీదికొస్తే మీరు అమెరికా మీద పడండి, టెక్సాస్, న్యూ మెక్సికో, అరిజోనా మీకు వెనక్కి ఇప్పిస్తాం, వీలైతే జపాన్‌ని కూడా కలుపుకోండి అని. ఇల్లు అద్దెకిచ్చినవాడి ఫోన్‌లోంచే వాడింటికి కన్నం వేయమని పురమాయించడం అన్నమాట. ఆ తీగ లండన్ మీదుగా వెళ్తుంది. అక్కడ రూమ్ 40 అనే గదిలో బ్రిటిష్ వాళ్ళు అన్నీ చదువుతున్నారు, అమెరికా సందేశాలతో సహా. సందేశమంతా అంకెలు, ఒక్కో అంకెకి ఒక్కో మాట. అరిజోనాకి కోడ్ పుస్తకంలో అంకె లేక పేరుని నాలుగు ముక్కలు చేసి పంపారు, విప్పిన కాగితం మీద ఆ ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. బ్రిటన్‌కి చిక్కేమిటంటే, బయటపెడితే మీ కేబుల్ కూడా మేం వింటున్నాం అని అమెరికాకి ఒప్పుకోవాల్సి వస్తుంది. అందుకని మెక్సికో సిటీ టెలిగ్రాఫ్ ఆఫీసు నుంచి, వాషింగ్టన్ నుంచి అక్కడికి మళ్ళీ పంపిన కాపీని సంపాదించి, అది దొరికిందని చెప్పి ఇచ్చారు.

మార్చి 1న పత్రికల్లో వచ్చింది. బ్రిటిష్ వాళ్ళు సృష్టించిన దొంగ కాగితం అని అమెరికాలో సగం మంది అన్నారు. జర్మనీ కాదంటే సరిపోయేది. మార్చి 3న జిమ్మర్‌మన్ స్వయంగా, కాదనలేను, నిజమే అన్నాడు! ఇలాంటి మంత్రి ఉంటే శత్రువు అక్కర్లేదు. అప్పటిదాకా యూరప్ గొడవ మనకెందుకు అన్న పశ్చిమ రాష్ట్రాల వాళ్ళకి ఆ రోజు మ్యాపులో తమ ఊరు కనిపించింది.

అదే నెలలో, బ్రిటన్ పక్షాన ఉన్న రష్యాలో జార్ దిగిపోయాడు, నిరంకుశుడి పక్కన నిలబడి ప్రజాస్వామ్యం అనాల్సిన ఇబ్బంది తప్పింది. మార్చి మధ్యలో మూడు అమెరికన్ ఓడలు మునిగిన వార్త వచ్చింది. 20న మంత్రివర్గంలో అందరూ యుద్ధమే అన్నారు. ఏప్రిల్ 2 రాత్రి విల్సన్ కాంగ్రెస్ ముందు నిలబడి ప్రపంచంలో ప్రజాస్వామ్యానికి భద్రత కల్పించాలి అన్నాడు.

సెనేట్‌లో 82 మంది అవును, 6గురు కాదు. ఆ కాదన్నవాళ్ళలో నెబ్రాస్కాకి చెందిన జార్జ్ నారిస్, బంగారం ఆజ్ఞాపిస్తే యుద్ధానికి పోతున్నాం, మన జెండా మీద డాలర్ గుర్తు వేస్తున్నాం అని మొహం మీదే అన్నాడు. ప్రతినిధుల సభలో 373, 50. తెల్లవారుజామున జరిగిన ఆ ఓటింగ్‌లో మొంటానా నుంచి గెలిచి వచ్చిన జెన్నెట్ ర్యాంకిన్, అమెరికా కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన మొట్టమొదటి మహిళ, నా దేశంతో నిలబడాలని ఉంది కానీ యుద్ధానికి ఓటు వేయలేను అంది. వచ్చి నెల కూడా కాలేదు. 1941లో పెర్ల్ హార్బర్ తర్వాత మళ్ళీ ఓటింగ్ వచ్చినప్పుడు కూడా ఆమె సభలోనే ఉంది, 388 మంది ఒకవైపు, ఆమె ఒక్కతే ఒకవైపు. రెండోసారి ఆమె చేసింది సరైందని నేననను. మొదటిసారి ఓటు మాత్రం నేనైనా అలాగే వేసేవాణ్ణి.

దిగాక దేశం మారిన వేగం భయపెడుతుంది. ఐదు నెలల కిందట యుద్ధానికి దూరంగా ఉంచినవాడు అని ఓటేసిన జనమే పక్కింటి జర్మన్‌ని అనుమానంగా చూశారు. బడుల్లో జర్మన్ భాష ఆపేశారు, క్యాబేజీ పచ్చడికి జర్మన్ పేరుందని స్వేచ్ఛా క్యాబేజీ అని పేరు మార్చారు. ఇక్కడిదాకా నవ్వొస్తుంది. 1918 ఏప్రిల్‌లో ఇల్లినాయిలో రాబర్ట్ ప్రేగర్ అనే జర్మన్ కార్మికుడిని గుంపు పట్టుకుని చెట్టుకి ఉరితీసింది, కేసులో నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. యుద్ధానికి వ్యతిరేకంగా ఉపన్యాసం ఇచ్చాడని సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్‌కి పదేళ్ళు జైలు. ఆయన జైల్లోంచే 1920లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తే తొమ్మిది లక్షల ఓట్లు పడ్డాయి.

బాకీల సంగతి? ప్రభుత్వం నేరుగా ఇచ్చినవి కలుపుకుని యుద్ధం తర్వాత మిత్రదేశాలు అమెరికాకి వెయ్యి కోట్ల డాలర్ల మేర బాకీ తేలాయి. 1930లలో మాంద్యం రాగానే ఒక్కొక్కరే చేతులెత్తేశారు, బ్రిటన్‌తో సహా. పైసాతో సహా కట్టుకుంటూ పోయింది చిన్న దేశం ఫిన్లాండ్ ఒక్కటే. మా సేటుకి ఈ ముక్క చెప్తే చాలాసేపు నవ్వాడు.

మనవాళ్ళ సంగతి చెప్పి ముగిస్తాను. కాలిఫోర్నియాలో గదర్ పార్టీ ఉండేది, బ్రిటిష్ వాళ్ళని ఇండియా నుంచి తరిమేయాలని 1913లో పెట్టారు. ఎక్కువమంది పంజాబీలు, మన కనిగిరి నుంచి చదువుకోడానికి వెళ్ళిన దరిశి చెంచయ్య లాంటి తెలుగువాళ్ళూ ఉన్నారు. జర్మన్ కాన్సులేట్ డబ్బుతో ఇండియాకి తుపాకులు పంపాలని చూశారు, 1915లో శాన్ డియాగో నుంచి ఆనీ లార్సెన్ అనే పడవ తుపాకులతో బయల్దేరింది కూడా, మన తీరం చేరలేదు. అమెరికా తటస్థంగా ఉన్నన్నాళ్ళూ బ్రిటన్ ఎంత మొత్తుకున్నా కేసు నత్తనడకే. 1917 ఏప్రిల్‌లో యుద్ధం ప్రకటించారో లేదో అరెస్టులు మొదలయ్యాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో నవంబర్ నుంచి ఐదు నెలలు విచారణ సాగింది. దాదాపు చివరి రోజున కోర్టు హాల్లోనే నిందితుల్లో ఒకరైన రామ్ సింగ్ పార్టీ నాయకుడు రామచంద్రని కాల్చి చంపాడు, మరుక్షణం కోర్టు కాపలా అధికారి (మార్షల్) ఒకడు రామ్ సింగ్‌ని కాల్చి చంపాడు.

వీళ్ళ మీద మోపిన నేరం ఏమిటో తెలుసా? అమెరికా తటస్థతని ఉల్లంఘించే కుట్ర. తటస్థత వదిలేసి ఏడాదైన దేశం, యుద్ధంలో ఉన్న దేశం, ఆ నేరానికి శిక్షలు వేసింది. నిందితుల్లో ఒకరైన తారక్‌నాథ్ దాస్‌కి 22 నెలలు. జర్మన్ కాన్సుల్ ఫ్రాంజ్ బాప్‌కి రెండేళ్ళు, పదివేల డాలర్ల జరిమానా. ఒక పక్షానికి 300 కోట్ల డాలర్ల సరుకు కొనిపెట్టి, అప్పు కూడా ఇప్పించిన మోర్గన్ వాళ్ళది చట్టప్రకారం తప్పు కాదు, ఒప్పుకుంటాను. వాళ్ళని 1936లో ఒక సెనేట్ కమిటీ పిలిచి, ప్రశ్నలడిగి, పంపించేసింది.